కొలతలమ్మ నెలవంక లెక్క

పెళ్లయి అత్తవారింట అడుగుపెట్టిన నెల తిరక్కముందే ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. అందరికీ కొలతలమ్మే. సర్వే ఆఫీసులో ఉద్యోగం. మూడు కాళ్ల స్టాండూ, దాని మీద బిగించే దుర్భిణి యంత్రమూ మోసుకుని పొద్దున్నే బయల్దేరేది. ఎవరి గట్టు ఎక్కడుందో, ఎవరి గోడ ఎవరి స్థలంలోకి జరిగిందో తేల్చి సాయంత్రానికి ఇల్లు చేరేది. మామగారు దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. కోడలు నేలని కొలుస్తుంది, మామగారు మనుషుల్ని కొలుస్తారు అని జనం నవ్వుకునేవారు. మందుల షాపులో పగలంతా మందులు లెక్కబెట్టే మొగుణ్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

దర్జీగారికి కుట్టుపనితో పాటు ఇంకో బాధ్యత ఉంది. మసీదు కమిటీ తరఫున నెలపొడుపు చూసి చెప్పేది ఆయనే. హిజ్రీ నెలలు చంద్రుడి వెంట నడుస్తాయి. ఇరవై తొమ్మిదో రోజు పొద్దు గుంకాక పడమట నెలవంక కనిపిస్తే మర్నాడు కొత్త నెల. కనిపించకపోతే ఉన్న నెలకే ఇంకో రోజు కలిపి ముప్ఫై. ముప్ఫై ఒకటి అనే మాటే లేదు. చెప్పుకోడానికి ఇంతే గానీ, ఈ కాస్త దాంట్లో ఎన్ని తగువులు పుడతాయో దర్జీగారిని అడగాలి. ఉపవాసాల నెల ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, పండుగ ఏ రోజు అన్నది ఆయన నోట రావాలి మరి.

కొలతలమ్మ మొదటిసారి అలాంటి సాయంత్రం మేడెక్కేసరికి అక్కడ ఇరవై మంది దాకా ఉన్నారు. ఒకాయన నైరుతికి చూస్తున్నాడు, ఒకాయన వాయవ్యానికి. కళ్లజోడు మర్చిపోయొచ్చిన ప్రింటింగ్ ప్రెస్సాయన పక్కింటి డిష్ యాంటెన్నా వంక తదేకంగా చూస్తున్నాడు.

"ఎక్కడ చూస్తున్నారు మామయ్యా?" అని అడిగింది.

"ఎక్కడేంటమ్మా, ఆకాశంలో."

"ఆకాశం చాలా ఉంది కదా మామయ్యా!"

అందరూ నవ్వారు. కొత్త కోడలు సరదాగా అందనుకున్నారు గానీ ఆమె సరదాకి అనలేదు. సర్వే పనిలో ఉత్తర దిక్కు కచ్చితంగా తెలియాలంటే నల్ల అద్దం అడ్డుపెట్టుకుని సూర్యుడి కోణం కొలవాలి. ఏ రోజు ఏ వేళకి సూర్యుడు ఎక్కడుంటాడో చెప్పే పట్టికల పుస్తకం ఒకటి ఆఫీసు బీరువాలో ఉండేది. అదే పుస్తకంలో చంద్రుడి పేజీలూ ఉన్నాయి. వాటిని తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆమె ఆ మధ్యాహ్నం టీ తాగుతూ తెరిచింది.

మేడ పిట్టగోడ దగ్గర నిలబడి దిక్సూచి చూసుకుంది. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగించింది. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. "పొద్దు మునిగిన చోటు నుంచి ఎడమకి ఒక పిడికిలి కంటే తక్కువ. వాటర్ ట్యాంకు నిచ్చెన ఉంది చూడండి, దాని నెత్తిన మూడు వేళ్ల ఎత్తులో. ఇప్పుడే కాదు, ఇంకో పావుగంట ఆగాలి. వెలుగు కాస్త తగ్గాలి కదా."

సాధారణంగా పొద్దు మునిగిన ఐదు నిమిషాలకే జనం మెడలు రుద్దుకుంటూ దిగిపోయేవారు. ఆ రోజు ఆగారు. పదహారో నిమిషంలో దర్జీగారు "అదిగో!" అన్నారు. నిచ్చెన నెత్తినే, గోటితో గీసినట్టు సన్నగా, తెల్లగా ఉంది.

"నలభై ఏళ్లుగా చీకట్లో సూదిలోకి దారం ఎక్కిస్తున్నానమ్మాయ్, ఇవాళ దీపం పెట్టావు," అన్నారాయన. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ కోడలి పిడికిలిని చూపించి మరీ చెప్పారు.

*

ఆ రాత్రి భోజనాల వేళకే ప్రెస్సాయన ఇంటికొచ్చాడు. ఆయన ఏటా గోడ కేలండర్ అచ్చువేసేవాడు. అందులో హిజ్రీ తేదీలు ఎక్కడినుంచో చూసి దింపేవాడు. ఏడాదిలో సగం నెలలు ఒక రోజు తేడా వచ్చేవి. కేలండర్ కొన్నవాళ్లంతా ఆయన్ని దారిలో ఆపి కడిగిపారేసేవారు.

"వచ్చే ఏటి లెక్క నువ్వు వెయ్యాలి తల్లీ. తిట్లు తినీ తినీ ఆకలి చచ్చిపోయింది," అన్నాడు, మూడోసారి అన్నం వడ్డించుకుంటూ.

దర్జీగారు ఒక్కటే షరతు పెట్టారు. "లెక్క లెక్కే. కంటికి కనపడాలి. కేలండర్‌లో ఉందని నేను నెల ప్రకటించను."

"అలాగే మామయ్యా. అయినా లెక్కకీ అంత గర్వం లేదు," అందామె.

నిజంగానే లేదు. సూర్యచంద్రులు ఒకే గీత మీదికొచ్చే అమావాస్య ఘడియ ఎప్పుడో నిమిషాలతో సహా చెప్పొచ్చు. ఆ ఘడియ నుంచి సాయంత్రానికి చంద్రుడి వయసు ఎన్ని గంటలు, సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎన్ని డిగ్రీల ఎడం, పొద్దు మునిగాక చంద్రుడు ఇంకా ఎన్ని నిమిషాలుంటాడు, ఇవన్నీ కాగితం మీద తేలిపోతాయి. తేలనిది ఒక్కటే. మనిషి కంటికి ఆనుతుందా లేదా అన్నది. ఎడం ఏడెనిమిది డిగ్రీలు లేకపోతే వంకే ఏర్పడినట్టు కనిపించదు. పన్నెండు దాటితే మబ్బు లేనప్పుడు చిన్నపిల్లలు కూడా చూస్తారు. ఈ రెంటి మధ్య ఉన్నప్పుడు దుమ్ము, తేమ, చూసేవాడి చూపు, ఓపిక, అన్నీ కలిసిరావాలి.

అందుకని కేలండర్‌లో ఆమె మూడు గుర్తులు పెట్టింది. తప్పక కనిపించే సాయంత్రానికి నిండు చుక్క. ఏం చేసినా కనిపించని దానికి ఖాళీ సున్న. అటూ ఇటూ కాని దానికి సగం నింపిన సున్న, కింద "చూడాలి" అని చిన్న అక్షరాలు. తను కూడా ప్రతి నెలా ఇరవై తొమ్మిదిన మేడెక్కి, ఏం కనిపించిందో, ఎన్ని గంటలకో ఒక నోటుబుక్కులో రాసుకునేది. పండుగ నెలలకి మేడ నిండిపోయేది. మిగతా నెలల్లో ఆమె, మామగారు, ఎండబెట్టిన బట్టలు.

*

మూడో ఏడు ఉపవాసాల నెల చివర పెద్ద గొడవే జరిగింది.

ఆ ఇరవై తొమ్మిదో రోజుకి కేలండర్‌లో ఖాళీ సున్న ఉంది. అమావాస్య ఘడియ ఆ సాయంత్రం నాలుగున్నరకి. చంద్రుడు సూర్యుడి కంటే నాలుగు నిమిషాల ముందే అస్తమిస్తాడు. సూర్యుడు మునిగేసరికి ఆకాశంలో చంద్రుడే ఉండడు, ఇక చూసేదేముంది? అయినా మాట ప్రకారం దర్జీగారు మేడెక్కారు, చూశారు, ఏమీ లేదన్నారు. అంతలో మసీదు కమిటీ హాలు నుంచి ఫోను. కలప డిపో దగ్గర ముగ్గురు నెలవంకని చూశారట!

వీళ్లు వెళ్లేసరికి హాలు కిక్కిరిసి ఉంది. పండుగ రేపేనని కొందరు అప్పుడే ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. ముగ్గురు సాక్షుల్లో పెద్దవాడు బస్సు డ్రైవరు. ఎవరైనా బస్సులో మర్చిపోయిన గొడుగుని కూడా ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చే మనిషి. అతను అబద్ధమాడతాడని ఎవరూ అనుకోరు. దర్జీగారికి అదే ఇరకాటంగా ఉంది.

"మామయ్యా, నాలుగు ప్రశ్నలు అడగనా?" అంది కొలతలమ్మ మెల్లగా.

ఆయన తలూపారు.

"అన్నయ్యా, పొద్దు మునిగాక ఎంతసేపటికి చూశారు?"

"మునిగీ మునగగానే చూశానమ్మా. ఎర్రగా మెరిసిపోతోంది."

"ఎంత ఎత్తులో?"

అతను చెయ్యెత్తి చూపించాడు. మూడు పిడికిళ్ల ఎత్తు. "ఇంత."

"కొమ్ములు ఎటువైపున్నాయి?"

డ్రైవరు పక్కనున్న వాడి వంక చూశాడు. "కొమ్ములా... కొమ్ము ఒకటే ఉన్నట్టుంది." రెండోవాడు కిందికన్నాడు. మూడోవాడు కుడివైపన్నాడు.

"కదిలిందా?"

"కొంచెం జరిగిందమ్మా. పొడుగైంది కూడా. మేం చూస్తుండగానే చెదిరిపోయింది."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మునిగిన సూర్యుడి ఎర్రటి వెలుగు పడితే విమానం వదిలిన పొగచార అచ్చం అలాగే వంపు తిరిగి మెరుస్తుందని ఆమెకి తెలుసు. డ్రైవరు ముఖం చిన్నబోవడం కూడా చూసింది.

"అన్నయ్య అబద్ధం చెప్పలేదు," అంది హాలంతా వినపడేలా. "ఆయన చూసింది చూసినట్టే చెప్పారు. అది విమానం పొగ. అంత నిజాయితీగా చెప్పబట్టే మనకి తెలిసింది."

దర్జీగారు లేచి నిలబడ్డారు. "ఈ నెల ముప్ఫై. పండుగ ఎల్లుండి."

ఇంకేముంది, హాలు హోరెత్తిపోయింది. పక్క ఊళ్లో రేపేనట, మన ఊళ్లో ఎందుకు కాదని ఒకడు. కోడలు చెబితే మామ తలూపుతాడా అని ఇంకొకడు. వెనకనుంచి ఒకాయన అసలు బాణం వేశాడు. "బట్టలు కుట్టడం పూర్తికాలేదు, అందుకే పండుగ ఒక రోజు వెనక్కి జరిపాడు దర్జీ!"

దర్జీగారి దగ్గర ఇంకా పదకొండు చొక్కాలు మిగిలున్న మాట నిజం. ఆయన దాచలేదు. "పదకొండున్నాయి. అందులో ఒకటి నీదే. రాత్రంతా కూర్చుని నీది మాత్రం తెల్లారేసరికి ఇస్తాను. రేపే వేసుకో, ఎవరొద్దన్నారు?" అన్నారు. హాలు ఘొల్లుమంది. వేడి సగం అక్కడే చల్లారింది.

మిగతా సగం మర్నాటి సాయంత్రం చల్లారింది. కొలతలమ్మ హాలు నోటీసు బోర్డు మీద ముందే రాసిపెట్టింది, పొద్దు మునిగిన నలభై ఆరు నిమిషాలకి చంద్రుడు మునుగుతాడని. అదే నెలవంక నిన్న కనిపించేంత పెద్దదయ్యుంటే ఇవాళ గంటన్నర దాకా ఉండాలి. ఊరంతా మేడలెక్కి వాచీలు చూసుకుంది. నలభై ఐదో నిమిషంలో వంక దూరపు చెట్ల వెనక్కి జారిపోయింది. బస్సు డ్రైవరు కలప డిపో మేడ మీదినుంచి చూసి, కొమ్ములు ఎన్నున్నాయో, ఎటున్నాయో ఈసారి లెక్కపెట్టి మరీ ఫోను చేశాడు. "రెండమ్మా! రెండూ పైకే!"

*

అక్కణ్నుంచి కొలతలమ్మ మాటకి విలువ పెరిగింది. విలువతో పాటు ఇంకొకటి కూడా పెరిగింది, అది ఆమెకి తెలియలేదు. ఆడపడుచుకి తెలిసింది.

దర్జీ షాపు పక్క గదిలోనే ఆడపడుచు బ్యూటీ పార్లరు. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఈమె ముప్పావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దారం పళ్లతో పట్టుకుని కనుబొమ్మల వెంట్రుకలు తీయడమే పని. "మా వదిన్ని అడగందే చంద్రుడు కూడా బయటికి రావడం లేదు," అని కుర్చీలో కూర్చున్నవాళ్లతో అనేది. వదినకి వినపడేలాగే అనేది.

తొమ్మిదో ఏడు కేలండర్ పని మొదలెట్టినప్పుడు ప్రెస్సాయన గొణిగాడు. "ఆ సగం సున్నలు తీసెయ్యి తల్లీ. జనానికి అనుమానాలు నచ్చవు. ఔనంటే ఔనని, కాదంటే కాదని రాయి. ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా తప్పావా?"

తప్పలేదు. తప్పలేదన్న మాట వినడానికి బాగానే ఉంది. ఆమె సగం సున్నలన్నీ ఒక్కొక్కటే చూసి, ఇది ఇటు, అది అటు అని విడగొట్టేసింది. మామగారితో చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు కాబట్టే చెప్పలేదు.

ఆ ఏడాది ఉపవాసాల నెల ముందు నెల ఇరవై తొమ్మిది. చంద్రుడి వయసు పంతొమ్మిది గంటలు. ఎడం పది డిగ్రీలకి కాస్త తక్కువ. పొద్దు మునిగాక నలభై నిమిషాలుంటాడు. పాత పద్ధతిలో అయితే సగం సున్న, కింద "చూడాలి". కేలండర్‌లో ఇప్పుడు ఖాళీ సున్న ఉంది.

ఆ సాయంత్రం ఆమె మేడెక్కలేదు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. ఆఫీసు నుంచి తెచ్చుకున్న నక్షా బల్ల మీద పరుచుకుని కూర్చుంది. మామగారికి ఆ మధ్యే కుడికంటికి శుక్లం ఆపరేషనైంది. కొత్త కంటితో చూస్తానని ఆయన ఉత్సాహంగా మెట్లెక్కారు. తోడుగా ఆడపడుచు వెళ్లింది. ముందురోజు గట్టిగా వానపడి వెలిసింది. గాలిలో దుమ్మన్నది లేదు. దూరపు సెల్ టవరు మీద బోల్టులు కూడా కనిపించేట్టుంది.

ఇరవై నిమిషాల తర్వాత పైనుంచి కేక. "వదినా! రా, కనిపిస్తోంది!"

"కనిపించదమ్మా. నేను లెక్కేశాను," అంది నక్షా మీంచి తలెత్తకుండా.

"నువ్వు లెక్కేస్తే వేశావు, నాకు కనిపిస్తోంది!"

"శుక్రుడై ఉంటాడు."

మెట్ల మీద చెప్పులు టపటపలాడాయి. ఆడపడుచు గుమ్మంలో నిలబడి రొప్పుతోంది. "శుక్రుడికి కొమ్ములుంటాయా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని నీలాంటివాళ్లని చూసే అన్నారు. నీ యంత్రానికి మూడు కాళ్లుంటే సరే, కుందేటికి నాలుగు! లే ముందు!"

చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయింది. పైన దర్జీగారు పడమటి పిట్టగోడకి ఆనుకుని ఇంకా వెతుకుతున్నారు. కొలతలమ్మ రాగానే ఆయన కూతురి వైపు తిరిగారు.

"ఎంత ఎత్తులో ఉందో చెప్పు."

"పిడికిలిలో సగం నాన్నా."

"కొమ్ములు?"

"రెండూ పైకి. ఎడమవైపుకి కాస్త ఒరిగి."

"కదులుతోందా?"

"లేదు. మెల్లగా దిగుతోందంతే. కనుబొమ్మలో చివర మిగిలే వెంట్రుక ఉంటుంది చూడు, అంత సన్నగా ఉంది. రోజూ అలాంటివి వెయ్యి చూస్తాను, నాకు తెలీదా?"

తను నేర్పిన ప్రశ్నలే. అన్నిటికీ సరైన జవాబులే. కొలతలమ్మ ఆడపడుచు వేలి వెంట చూసింది. ముందు ఏమీ కనిపించలేదు. కళ్లు చిట్లించింది, చూపు పక్కకి జరిపి మళ్లీ తెచ్చింది. ఉంది! కనీ కనపడకుండా, ఉన్నట్టుండి తేలుతూ, మళ్లీ మాయమవుతూ. ఒకసారి పట్టుబడ్డాక ఇంక వదల్లేదు. తన జీవితంలో అంత సన్నటి నెలవంకని ఆమె అంతకుముందు చూడలేదు. ఇంకాసేపు నక్షా ముందే కూర్చుని ఉంటే చూసేదీ కాదు. సిగ్గేసిందో సంతోషం వేసిందో ఆమెకే తెలియలేదు.

"పప్పులో కాలేశాను మామయ్యా," అంది.

"ఎక్కడ?"

అప్పుడు చెప్పింది, సగం సున్నలు తీసేసిన సంగతి. లెక్కలో తప్పులేదని, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడమే తప్పని. దర్జీగారు విని, మెడలోని టేపు సర్దుకున్నారు.

"గుడ్డ ఎంత పడుతుందో సరిగ్గా తేలనప్పుడు నేను కాస్త మడత లోపల ఉంచి కుడతానమ్మాయ్. తర్వాత విప్పుకోవచ్చు. నువ్వు మడత కోసేశావు. ఫర్వాలేదు, బట్ట ఇంకా మన దగ్గరే ఉంది. పద, హాలుకి పోదాం."

హాల్లో జనం కేలండర్ నమ్ముకుని అప్పటికే ఇళ్లకి బయల్దేరుతున్నారు. ఉపవాసాలు ఎల్లుండి నుంచే అనుకున్నారు. దర్జీగారు నెలవంక కనిపించిందని ప్రకటించగానే ఒకాయన గోడ మీది కేలండర్ చూపించాడు. "ఇందులో కనిపించదని ఉందే? కోడలు వేసిన లెక్కేగా?"

కొలతలమ్మే ముందుకొచ్చింది. "నేనే వేశాను, నేనే పొరపాటుగా రాశాను. కష్టమని రాయాల్సినచోట కనిపించదని రాశాను. మా ఆడపడుచు చూసింది, ఆమె చూపిస్తే నేనూ చూశాను. రేపే ఒకటో తేదీ."

పాత గొడవనాడు దర్జీగారి మీద బాణం వేసిన ఆయనే నోరు విప్పాడు. "ఇంకేం, ఇద్దరు చూశారంటే చాలదా? తెల్లవారుజామునే లేవాలి, పదండి పదండి." జనం కదిలారు. కొలతలమ్మ ఆ రాత్రి ఇంటికెళ్లేదాకా ఎవరో ఒకరు మందలిస్తారని ఎదురుచూసింది. ఎవరూ మందలించలేదు. ఆడపడుచు మాత్రం మర్నాడు పార్లరు కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ఆ కథ చెప్పింది. సాయంత్రానికి నెలవంక ఇంకా సన్నబడి, వదిన మొండితనం ఇంకా లావెక్కింది.

ఆ వారంలోనే కొలతలమ్మ ప్రెస్సుకి వెళ్లింది. యంత్రం దడదడల మధ్య ప్రెస్సాయన చెవి దగ్గరికి వంగి, వచ్చే ఏటికి సగం సున్నలు పెడితేనే లెక్క ఇస్తానని చెప్పింది.

"జనం మళ్లీ నన్నే తింటారు తల్లీ!"

"తిననివ్వండి బాబాయ్. మేడెక్కి చూడమనండి, తిట్టే ఓపిక ఉన్నవాళ్లకి మెట్లెక్కే ఓపిక ఉండదా?"

ఆయన నుదురు కొట్టుకుని ఒప్పుకున్నాడు. ఆ ఏటి కేలండర్‌లో సగం సున్నలు నాలుగు. వాటిలో రెండు సాయంత్రాలు వంక కనిపించింది. ఒకటి కనిపించలేదు. నాలుగోది ఒక మామూలు నెల, పండుగా లేదు, ఉపవాసమూ లేదు. ఆ రోజు పిట్టగోడ దగ్గర కొలతలమ్మా ఆడపడుచూ పక్కపక్కనే నిలబడ్డారు. ముందు ఎవరు చూస్తే వాళ్లకి రెండోవాళ్లు వారం రోజులు టీ పెట్టాలని పందెం. పొద్దు మునగడానికి పది నిమిషాల ముందు పడమటినుంచి మబ్బు లేచి, చాప చుట్టినట్టు ఆకాశాన్నంతా చుట్టేసింది. ఇద్దరూ పావుగంట ఆగారు, ఇంకో పావుగంట ఆగారు. కొలతలమ్మ నోటుబుక్కులో తేదీ వేసి "మబ్బు, తెలియదు" అని రాసింది. టీ ఎవరు పెట్టాలన్నది తేలక ఇద్దరూ వాదించుకుంటూ మెట్లు దిగుతుంటే, కింద మందుల షాపు మూసి అప్పుడే వచ్చిన మొగుడు ఏమీ అడక్కుండా పొయ్యి మీద గిన్నె పెట్టాడు.